టెలెక్స్ గదిలో రెండో కుర్చీ

చిత్తూరు దాటి పుత్తూరు రోడ్డు మీద మూడు మైళ్ళు పోతే చెంగల్రాయుడి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వచ్చేది. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని జూసు ఫ్యాక్టరీ అనే అనేవాళ్ళు. జూన్ వచ్చిందంటే బెంగళూరా కాయల ట్రాక్టర్లు గేటు నుంచి రోడ్డు దాకా బారులు తీరేవి. కాయ కోసి, గుజ్జు తీసి, డబ్బాలకెత్తి మద్రాసు రేవు నుంచి ఓడలెక్కించేవాళ్ళు. ఆ ఆఫీసులో ఏసీ ఉన్న గదులు రెండే. ఒకటి యజమానిది. రెండోది గుణశేఖర్ కూర్చునే టెలెక్స్ గది.

ఏసీ పెట్టింది మిషను కోసమే గాని మనిషి కోసం కాదని అందరికీ తెలుసు. గుణశేఖర్‌కి కూడా తెలుసు. అయినా ఎండాకాలంలో ఎవరైనా ఆ గది తలుపు తోసుకుని లోపలికొచ్చి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నిలబడితే, వాళ్ళకి తానే ఏదో దానం చేస్తున్నట్టు ఉండేది ఆయనకి.

సంతపేటలో పుట్టి పెరిగిన మనిషి. తండ్రి కుప్పయ్య బెల్లం మండీలో గుమాస్తా. కొడుకు పదో తరగతి కాగానే టైపు నేర్పించాడు. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో, ఎనభై మూడులో, చెంగల్రాయుడు అతన్ని మద్రాసు పంపి మూడు నెలలు టెలెక్స్ నేర్పించాడు. అప్పట్నుంచి పదహారేళ్ళుగా ఆ గది ఆయనదే. ఆయన వేళ్ళు కొట్టిన మాటలు హాలండ్‌లో, జెద్దాలో కాగితం మీద పడేవి. అక్కడి వ్యాపారులు ఆయన మొహం ఎరగరు గాని, ప్రతి సందేశం చివర ఉండే రెండక్షరాల పొడి సంతకాన్ని ఎరుగుదురు. ఒక ఏడు ఆయన కామెర్లతో పడుకుంటే, రోటర్‌డామ్ నుంచి వచ్చిన సందేశంలో మీ పాత ఆపరేటరు ఏమయ్యాడని అడిగారు. ఆ కాగితం ముక్క గుణశేఖర్ ఇంట్లో దేవుడి పటం వెనక ఉంటుంది.

టెలెక్స్‌తో పాటు టెలిఫోన్లు కూడా ఆయన చేతికిందే. ఆఫీసులో ఉన్న ఫోన్లన్నీ ఆయన గదిలో గోడకు బిగించిన ఎక్స్‌ఛేంజి పెట్టెలోంచి పోయేవి. ఎవరికి బయటి ఫోను కావాలన్నా రిసీవరెత్తి, "గుణశేఖరా, తిరుపతి మార్కెట్ యార్డు" అంటే చాలు. కలిపి ఇచ్చేది ఆయనే. ఆ పెట్టె బిగించిన రోజుల్లో ఇంటికొచ్చి భార్య మోహనతో నెల రోజులు అదే మాట చెప్పాడు. దానికొక గుణం ఉందట. బయటి లైను కావాలంటే ముందు సున్నా కొట్టాలి. కొట్టాక ఒకటి నుంచి మూడు దాకా లెక్కపెట్టాలి. అప్పుడు గాని బయటి లైను డయల్ మోత రాదు. తొందరపడితే లోపల్లోపలే తిరుగుతుంది.

తొంభై తొమ్మిది మే నెలలో నందిని వచ్చింది.

పాకాల పిల్ల. తిరుపతి మహిళా పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసి, ఒక ఏడు అక్కడే ఒక శిక్షణా కేంద్రంలో పాఠాలు చెప్పింది. ఇరవై రెండేళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదుపుతూ ఉండేది. రోటర్‌డామ్ వాళ్ళు ఆ సీజను నుంచి నాణ్యత రిపోర్టులన్నీ ఈమెయిల్లోనే కావాలని రాశారు. ఆ టెలెక్స్ అందుకున్నదీ, చించి యజమాని బల్ల మీద పెట్టిందీ గుణశేఖరే. తన పనికి తానే గొయ్యి తవ్వే చీటీ మోసుకెళ్ళినట్టయింది.

చెంగల్రాయుడు నందినిని వెంటబెట్టుకుని టెలెక్స్ గదికి వచ్చాడు. "గుణశేఖరా, ఈ పాప మనకి ఇంటర్నెట్టు పెడతాది. కంప్యూటరుకి చలవ కావాలంట. నీ గదిలోనే ఒక పక్క సర్దు" అన్నాడు. తరవాత ఆమె వైపు తిరిగి, "కూర్చో పాపా, నిలబడినావే" అన్నాడు.

గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అది గుణశేఖర్ది. యజమాని మాట కాదనలేక ఆయన లేచి నిలబడ్డాడు. నందిని కూర్చోలేదు. "పర్వాలేదు సార్, నేను నిలబడి పని చేస్తా" అంది. ఆ మాట మర్యాదకే అన్నా, చెంగల్రాయుడు వెంటనే స్టోర్స్ నుంచి కొత్త కుర్చీ తెప్పించాడు. వీపుకి మెత్త ఉన్న కుర్చీ. గుణశేఖర్ పదహారేళ్ళు కూర్చున్నది ఇనప కుర్చీ మీద.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్ గురవమ్మ కాఫీ తెచ్చి ముందు ఆ పిల్లకి ఇచ్చింది. కొత్త మనిషి కదా, తప్పేముంది? తప్పేమీ లేదని గుణశేఖర్‌కి కూడా తెలుసు. తెలిసినా ఆ కాఫీ ఆయనకి చేదుగానే దిగింది.

ఆఫీసులో ఉన్నది పాత కంప్యూటర్. కొత్త విండోస్ వేస్తే అది ఆయాసపడిపోతుందని చెప్పి నందిని లైనక్స్ వేసింది. ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీ అది. విండోస్ చేసే పనే చేస్తుందనీ, ఖర్చు లేనిదనీ విని చెంగల్రాయుడు మురిసిపోయాడు. తెర మీద బొమ్మలుండవు, నల్లటి పలక మీద తెల్ల అక్షరాలే. నందిని వేళ్ళు ఆ అక్షరాలని కొట్టే తీరు గుణశేఖర్ ఓరగా చూశాడు. చూడకుండా టైపు చేస్తోంది. తప్పు పోవడం లేదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తనకి మొదటి బహుమతి తెచ్చింది ఆ వేగమే. పదహారేళ్ళలో ఆ గదిలో తనంత వేగంగా కొట్టే చెయ్యి ఇంకొకటి ఆయన చూడలేదు.

ఇక మిగిలింది మోడెమ్. అరచెయ్యంత పెట్టె, ముందర ఎర్ర దీపాలు. ఫోన్ లైనుకి దాన్ని తగిలిస్తే, అది తనంతట తానే మద్రాసులో ఇంటర్నెట్ కంపెనీ నంబరుకి డయల్ చేసి ఇంటర్నెట్‌కి కలపాలి. నందినికి లైను ఇవ్వాల్సింది గుణశేఖర్. ఎక్స్‌ఛేంజి పెట్టెలోంచి ఒక వైరు నందిని రాకముందే లాగించి ఆమె బల్ల దాకా తెప్పించాడు.

"ఈ లైను బాగనే ఉండాదా సార్?" అని అడిగింది నందిని.

"లైనుకేం, బాగనే ఉండాది" అన్నాడాయన.

అబద్ధం కాదు. కాని నిజం మొత్తం చెప్పలేదు. నేరుగా బయటికి పోయే లైను అనుకుంది ఆ పిల్ల. పెట్టెలోంచి పోతోందనీ, సున్నా కొట్టి ఆగాలనీ చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పుడే చెంగల్రాయుడు తలుపులోంచి తల పెట్టి, "ఏం పాపా, భోజనం చేసినావా?" అని అడిగి పోయాడు. పదహారేళ్ళలో ఆయన గుణశేఖర్‌ని ఆ మాట ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

మొదటి రోజు మోడెమ్ డయల్ టోన్ లేదని చెప్పింది. నందిని ఆ వైరుకి మామూలు ఫోను తగిలించి చెవిన పెట్టుకుంది. మోత వినిపిస్తోంది. అది పెట్టె లోపలి మోత, ఆగి ఆగి వచ్చే మోత. మోడెమ్‌కి అది మోతలా తోచడం లేదు. ఆ తేడా ఆమెకి తెలిసే దారి లేదు. మోడెమే చెడిపోయిందనుకుని మద్రాసు పంపించింది. బదులు ఇంకోటి వచ్చేసరికి వారం గడిచింది. ఇదీ అదే మాట చెప్పింది.

ఆ తరవాత ఆమె మోడెమ్‌తో వచ్చిన చిన్న పుస్తకం పట్టుకుని కూర్చుంది. మోత కోసం చూడకుండానే డయల్ చెయ్యమని మోడెమ్‌కి చెప్పే ఆజ్ఞ ఒకటి దాంట్లో కనిపెట్టింది. ఆ ఉదయం గుణశేఖర్ పని ఆపి అటే చూశాడు. అయిపోయింది, పట్టేసింది అనుకున్నాడు. మోడెమ్ టకటకమని అంకెలు కొట్టింది. ఒక్క క్షణం ఆగి, ఎంగేజ్ అని చెప్పింది. ముందు సున్నా కొట్టి ఆగకపోతే ఆ పెట్టె ఎవరికైనా ఎంగేజ్ మోతే వినిపిస్తుంది.

"మద్రాసు నంబరు ఎంగేజ్ వస్తాండాది సార్. అంతమంది చేస్తాంటారేమో" అంది నందిని, తనలో తను అనుకుంటున్నట్టు.

"ఏమో పాపా. నాకేం తెలుసు ఈ కంప్యూటర్ల సంగతి" అన్నాడు గుణశేఖర్. అని, టెలెక్స్ వైపు తిరిగి లేని దుమ్ము తుడిచాడు.

రోజంతా ఎంగేజే. మర్నాడూ ఎంగేజే. ఆమె సెట్టింగుల ఫైళ్ళు మార్చింది, పోర్టులు మార్చింది, వేగం తగ్గించింది. గుణశేఖర్ పక్కనే కూర్చుని ఆ తిప్పలన్నీ చూశాడు. మొదట్లో లోపల కాస్త చల్లగా ఉండేది. కాని ఆమె విసుక్కోదు. పొరపాటు ఎక్కడుందో వెతకడం మొదలుపెడితే ఆకలి కూడా ఉండదు ఆమెకి. అది చూసి ఆయనకి ఇంకా ఒళ్ళు మండేది. ఓడిపోతూ కూడా ఆ పిల్ల తనకన్నా పెద్దదిగా కనిపిస్తోంది.

ఇంట్లో రాగి సంగటి ముందు కూర్చుని కూడా అదే మాట. నందిని ఇట్ల చేసింది, నందిని అట్ల కూర్చుంది, నందినికి యజమాని ఇది తెప్పించినాడు. మోహన నాలుగు రోజులు వింది. ఐదో రోజు గరిటె పక్కన పెట్టింది.

"ఏమయ్యా, ఆ పిల్ల పేరు పొద్దన్నుంచి ఎన్నిసార్లు చెప్పినావో లెక్క ఉండాదా?"

"నేనేం చెప్పినా. పనిలో మాట."

"పదహారేండ్లలో పనిలో మాట ఇంతగా ఎప్పుడూ రాలేదు" అంది మోహన. గిన్నె మీద మూత పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని ఆమే ఫ్యాక్టరీకి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. పట్టుచీర కాదు గాని, కట్టుకున్నది మంచి చీర. తలలో కనకాంబరాలు. టెలెక్స్ గది తలుపు తీసి, ముందు మెత్త కుర్చీ వైపు, తరవాత అందులో ఉన్న మనిషి వైపు చూసింది. నందిని లేచి నిలబడి, "రాండక్కా" అంది. జుట్టు చెదిరి, కళ్ళ కింద నలుపుతో ఉంది. ఆమె ముందు, పొద్దుట గురవమ్మ తెచ్చిన కాఫీ తొరక కట్టి ఉంది.

మోహన ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఊరు, అమ్మానాన్నలు, తోబుట్టువులు అన్నీ అడిగింది. క్యారియర్లో తెచ్చిన ఊరిబిండి పచ్చడి ఆమెకీ వేసింది. గుణశేఖర్ ముద్ద కలుపుతూనే ఉన్నాడు. ఏమేం మాట్లాడుకుంటారోనని చెవులు రిక్కించి కూర్చున్నాడు.

"పని ఎట్ల ఉండాది పాపా?" అంది మోహన.

"ఎంత చేసినా లైను కలవడం లేదక్కా. సార్‌ని అడగాలంటే భయంగా ఉండాది. సార్ గదిలోకి వచ్చి కూర్చున్నానని సార్‌కి కోపం" అంది నందిని. ఆయన ఎదుటే అంది, దాపరికం లేకుండా.

గుణశేఖర్ "కోపమేముండాది" అని గొణిగి చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

మోహన క్యారియరు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆమెకున్న అనుమానం తీరిపోయినట్టే ఉంది. తీరి, దాని చోటులో ఇంకేదో మొదలైనట్టు కూడా ఉంది.

ఆ సాయంత్రం నందిని పాకాల బస్సుకి తొందరగా వెళ్ళిపోయింది. ఆమె బల్ల మీద ఒక ప్రింటు కాగితం మిగిలిపోయింది. గుణశేఖర్ చుట్టూ చూసి దాన్ని తీశాడు. మోడెమ్ మాట్లాడాల్సిన మాటల పట్టిక అది. ఎడమవైపు అవతలి నుంచి రావలసిన మాట. కుడివైపు దానికి మనం చెప్పాల్సిన మాట. కనెక్ట్ అని వస్తే ఏమీ పంపక్కర్లేదు, లాగిన్ అని వస్తే పేరు పంపాలి, పాస్‌వర్డ్ అని వస్తే రహస్యం పంపాలి. అనుకున్న మాట రాకపోతే ఎన్ని సెకండ్లు ఆగి లైను తెంచెయ్యాలో కూడా రాసి ఉంది.

ఆయన ఆ కాగితం రెండోసారి చదివాడు. ఇది ఆయనకి తెలియనిది కాదు. టెలెక్స్‌లో నంబరు కొట్టగానే అవతలి మిషను తన గుర్తు తానే పంపిస్తుంది. దాన్ని ఆన్సర్‌బ్యాక్ అంటారు. ఆ గుర్తు సరైనదా కాదా చూసుకుని, మన గుర్తు మనం పంపి, అప్పుడు గాని అసలు మాట మొదలుపెట్టకూడదు. గుర్తు రాకపోతే లైను తెంచెయ్యాలి. మద్రాసులో మొదటి రోజు నేర్పింది అదే. ఎన్ని వేలసార్లు చేశాడో లెక్క లేదు.

ఇన్నాళ్ళూ ఆ పిల్లకి తెలిసింది వేరే విద్య అనుకున్నాడు. తనకి అందని చదువు అనుకుంటే ఒక రకంగా ఊరట ఉండేది. ఇప్పుడు చూస్తే అది తన విద్యే. తన వేళ్ళు చేసే పనిని ఆ పిల్ల పన్నెండు వరుసల్లో రాసి మిషను చేతికిచ్చింది. ఎవరైనా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పుంటే తనకి మాత్రం రాదా? ఎవరూ చెప్పలేదు. ఎవరికీ తట్టలేదు. కొత్త కుర్చీ ఎవరికో వేశారు. కాగితం మళ్ళీ బల్ల మీద, మడత పడకుండా, ఎక్కడుందో అక్కడే పెట్టాడు.

రెండు రోజుల తరవాత రోటర్‌డామ్ నుంచి గట్టిగా టెలెక్స్ వచ్చింది. శుక్రవారం లోపల ఈమెయిల్లో రిపోర్టు రాకపోతే ఆ ఓడ సరుకు వేరేవాళ్ళ దగ్గర తీసుకుంటామని. చెంగల్రాయుడు ఆ కాగితం పట్టుకుని గదిలోకి వచ్చాడు. వెనకే మేనేజరు, ఇద్దరు గుమాస్తాలు.

"ఏం పాపా, మూడు వారాలాయ. వస్తాదా రాదా? రాకపోతే రాదని చెప్పు. మద్రాసు నుంచి ఇంజనీరుని పిలిపిస్తా. నువ్వు మీ ఊరికి పో."

నందిని తల వంచుకుని, "ఎంగేజ్ వస్తాండాదయ్యా. కారణం దొరకడం లేదు" అంది.

"కారణం నాకెందుకు" అన్నాడు చెంగల్రాయుడు. బయటికి పోయి, ఫోనెత్తి, మద్రాసు కలపమన్నాడు. కలిపింది గుణశేఖరే. సున్నా కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. మోత వచ్చింది. నంబరు కొట్టాడు. ఆరడుగుల దూరంలో నందిని అరచేతుల్లో మొహం పెట్టుకుని కూర్చుని ఉంది. తల ఎత్తి చూసుంటే ఆయన చేతివేళ్ళు కనిపించేవి.

కోరుకున్నదే జరిగింది. రేపో ఎల్లుండో కుర్చీ ఖాళీ అవుతుంది. ఇంటికి సైకిలు మీద పోతూ ఆ సంతోషం ఎక్కడుందా అని వెతుక్కున్నాడు. దొరికింది గాని, నోట్లో వేసుకుంటే వగరుగా ఉంది.

నందినిని పంపించేస్తున్నారని ఇంట్లో చెప్పక చెప్పక చెప్పాడు. మోహన బియ్యం ఏరుతోంది. చేట మీది నుంచి తల ఎత్తలేదు.

"ఆ సున్నా సంగతి ఆ పిల్లకి చెప్పినావా?"

గుణశేఖర్ ఉలిక్కిపడ్డాడు. "ఏం సున్నా?"

"నెలరోజులు నా చెవిలో ఊదినావు కదయ్యా. సున్నా కొట్టాల, మూడు లెక్కపెట్టాల అని. నాకు కంప్యూటరు తెల్దు. లైను కలవడం లేదని ఆ పిల్ల చెప్పినప్పట్నుంచి అదే అనుకుంటాండా."

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

"మొదట్లో నేను వేరేగా అనుకున్నా. దానికన్నా ఇది మేలేం కాదు" అంది మోహన. మళ్ళీ రాళ్ళు ఏరుకోవడంలో పడింది.

గురువారం పొద్దున మద్రాసు ఇంజనీరు వచ్చాడు. తెల్ల చొక్కా, మెడకి టై, అరవం కలిసిన తెలుగు. మోడెమ్ చూశాడు, లైనక్స్ చూశాడు, పెదవి విరిచాడు. "ఇది ఎందుకు వేశారు సార్? తీసేసి విండోస్ వేద్దాం. కొత్త కంప్యూటర్ కావాలి. వారం పడుతుంది" అన్నాడు. వారం అనగానే చెంగల్రాయుడి మొహం కందగడ్డలా అయింది. నందిని గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె కుర్చీలో ఇప్పుడు ఇంజనీరు కూర్చుని ఉన్నాడు.

ఆ దృశ్యం చూడగానే గుణశేఖర్‌కి పాత మంట మళ్ళీ లేచింది. ఈసారి ఆ టై కట్టుకున్నవాడి మీద. గడప దాటి గంట కాలేదు, వచ్చిరాగానే తన గదిలో కూర్చుని, ఈ పిల్ల పని పెదవి విరుపుతో కొట్టిపారేస్తాడా అనిపించింది. అంత మంచిమాట మోహన చెప్పినా కదలనివాడు, ఆ పెదవి విరుపుకి లేచాడు.

"అయ్యా, ఆ నంబరుకి ముందు సున్నా పెట్టాల. సున్నా తరవాత కొంచెం సేపు ఆగాల. ఆ లైను మన పెట్టెలోంచి పోతాండాది" అన్నాడు.

ఇంజనీరు ఏదో అనబోయాడు. నందిని అప్పటికే బల్ల దగ్గరికి వచ్చేసింది. ఇంజనీరు భుజం పక్కనుంచి చెయ్యి చాపి, నిలబడే కొట్టింది. ఫైలు తెరిచి నంబరుకి ముందు సున్నా, సున్నా పక్కన మూడు కామాలు పెట్టింది. ఒక్కో కామాకి మోడెమ్ రెండు సెకండ్లు ఆగుతుంది.

మోడెమ్ సున్నా కొట్టింది. ఆగింది. బయటి మోత గదంతా వినిపించింది. తరవాత టకటకా అంకెలు. అవతల రింగు. ఎవరో ఎత్తారు. కీచుమని ఒక అరుపు, దానికి బదులుగా ఇంకో అరుపు, ఇసక రాపిడిలాంటి చప్పుడు. ఆ చప్పుడు ఆగిపోగానే మోడెమ్ మీద దీపాలు కుదురుగా వెలిగాయి. నల్ల తెర మీద ఒకటొకటిగా వరుసలు పడ్డాయి. లాగిన్ అడిగింది, ఇచ్చింది. పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చింది. చివర నాలుగు ముక్కల అంకెల చిరునామా ఒకటి వచ్చి నిలిచింది.

"వచ్చేసింది" అంది నందిని, మెల్లగా.

మేనేజరు చప్పట్లు కొట్టబోయి ఆగాడు. యజమాని గుణశేఖర్ వంకే చూస్తున్నాడు.

"ఇన్ని దినాలు ఈ మాట యాడ పెట్టుకున్నావప్పా?"

గుమాస్తాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తలుపు దగ్గర గురవమ్మ కాఫీ గ్లాసుల ట్రేతో నిలబడిపోయింది. పదహారేళ్ళు పని చేసిన గదిలో గుణశేఖర్‌కి ఎక్కడ చూడాలో తెలియలేదు.

"నేను అడగలేదయ్యా" అంది నందిని. తల తిప్పకుండా, టైపు చేస్తూనే.

అది నిజమే. కాని ఆ మాటతో ఆమె గుణశేఖర్‌ని గట్టెక్కించింది. దెబ్బ మీద దెబ్బ అంటే అదే. చెంగల్రాయుడు ఇంకేదో అనబోయి, రిపోర్టు ముందు పంపమని చెప్పి, ఇంజనీరుని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రిపోర్టు పోయాక గదిలో వాళ్ళిద్దరే మిగిలారు. ఏసీ గరగరమంటోంది. గుణశేఖర్ క్షమించమని అనాలనుకున్నాడు. ఆ మాట నోటికి అలవాటు లేదు.

నందినే కుర్చీ ఇటు తిప్పింది. "సార్, నేను అడిగుంటే చెప్పుండేవాళ్ళా?"

"చెప్పుండను పాపా" అన్నాడు.

ఆమె తల ఊపింది. కోపం లేదు, నవ్వూ లేదు. ఎక్కడో ఒక అనుమానం సరిచూసుకున్నట్టు ఊపి, మళ్ళీ తెర వైపు తిరిగింది.

ఆ ఏడు సీజను గడిచింది. ఆ తరవాత ఒక రోజు గుణశేఖర్ తన ఇనప కుర్చీని ఆమె బల్ల పక్కకి లాక్కుని, "ఆ పట్టిక ఎట్ల రాస్తారో ఒకసారి నిదానంగా చెప్పు" అన్నాడు. నందిని చెప్పింది. ఆన్సర్‌బ్యాక్ సంగతి ఆయన ఆమెకి చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోయి రెండుసార్లు చెప్పించుకుంది. రోజుకి ఒక గంట నేర్చుకున్నాడు. స్నేహం అని చెప్పలేం. ఆమె ఒక ఆజ్ఞ కొట్టి చూపిస్తే, మర్నాటికి అది తానూ చూడకుండా కొట్టాలని ఇంట్లో బల్ల మీద వేళ్ళు ఆడించేవాడు. తను తప్పు చేసి ఆమె సరిచేస్తే ఆ పూట అన్నం సహించేది కాదు. అయినా నేర్చుకున్నాడు. పొద్దున్నే వచ్చి లైను కలపడం, ఉత్తరాలు దించడం, లైను తెగితే మళ్ళీ కలిపించడం ఆయన పనయ్యాయి. రెండువేల ఒకటిలో టెలెక్స్ లైను తీసేశారు. మిషనుని గోడౌన్‌కి మోయించేటప్పుడు ఆయన ఆ గదిలో లేడు, శ్రీకాళహస్తికి వెళ్ళాడు.

అదే ఏడు నందినికి తిరుపతిలో ఒక కాలేజీ లాబ్‌లో ఉద్యోగం వచ్చింది. పోయేముందు కంప్యూటరుకి పెద్ద తాళం లాంటి రూట్ పాస్‌వర్డ్‌ని కవరులో పెట్టి అంటించి యజమాని చేతికిచ్చింది. పద్ధతి అదేనట. పక్కన కూర్చుని రెండేళ్ళు పని చేసిన తన చేతికివ్వలేదని గుణశేఖర్ ఆమెని సాగనంపడానికి బస్టాండు దాకా పోలేదు. వారానికే కంప్యూటరు మొరాయించింది. చెంగల్రాయుడు సొరుగులోంచి ఆ కవరు తీసి, "ఇదేందో నీకు సంబంధించింది మాదిరి ఉండాది" అని ఆయన ముందు పడేశాడు. గుణశేఖర్ మిషను బాగుచేశాక పాస్‌వర్డు మార్చేశాడు. కొత్తది ఎవరికీ చెప్పలేదు. మేనేజరు అడిగితే రాసి ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. నాలుగేళ్ళు ఆ మాట తన దగ్గరే పెట్టుకున్నాడు.

రెండువేల ఐదులో బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. పెట్టడానికి తిరుపతి నుంచి బాలసుబ్రమణ్యం అనే ముప్ఫయ్యేళ్ళ మనిషి కొత్త కంప్యూటరుతో వచ్చాడు. గుణశేఖర్ ముందురోజే తేల్చుకున్నాడు, ఈసారి ఎవరూ అడక్కముందే చెప్పెయ్యాలని. పాస్‌వర్డు శుభ్రంగా కాగితం మీద రాసి జేబులో పెట్టుకుని వచ్చాడు. అతను బల్ల ముందు కూర్చోగానే చేతికిచ్చాడు.

"ఏంది సార్ ఇది?"

"పాత మిషను పాస్‌వర్డు."

"అక్కర్లేదు సార్. అంతా తుడిచేస్తాండాం" అన్నాడు బాలసుబ్రమణ్యం. కాగితం మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు.

గుణశేఖర్ కుర్చీ దగ్గరికి లాక్కుని, కొత్తదాన్ని ఎట్లా కలుపుతారో చూపించమన్నాడు. "ఇందులో చూపించేదేముండాది సార్, వైరు పెడితే అదే వస్తాది" అన్నాడు అతను. వైరు పెట్టాడు. అదే వచ్చింది. అరుపు లేదు, రాపిడి లేదు, ఆగడం లేదు. మోడెమ్‌ని అతను అట్టపెట్టెలో పడేశాడు.

ఆ సాయంత్రం గుణశేఖర్ నందినికి ఈమెయిల్ రాశాడు. నాలుగేళ్ళలో మొదటిసారి. క్షేమం అడిగి, ఇక్కడ మోడెమ్ తీసేశారని, ఇకమీదట డయల్ చెయ్యాల్సిన పని లేదని రాశాడు. రెండు రోజుల తరవాత జవాబు వచ్చింది. మోహనక్కని అడిగానని చెప్పమంది. తనకి కూతురు పుట్టిందని రాసింది. చివర ఒక వరుస ఉంది: మా లాబ్‌లో మోడెమ్ పోయినేడే తీసేశాం సార్.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

"నందిని జాబు రాసింది. బిడ్డ పుట్టిందంట" అన్నాడు.

"మంచిమాట" అంది మోహన, సంగటి ముద్ద పెడుతూ.

"మోడెమ్ వాళ్ళాడ పోయినేడే తీసేసినారంట."

"తీసేస్తే?"

"ఏం లేదు. మనకన్నా ముందే, పోయినేడే అంట."

మోహన ఆయన మొహం వైపు చూసి, పులుసు గరిటె ముంచింది. "చల్లారిపోతాది, తిను" అంది.